పైకి వచ్చే దారిలో ఆగడం: డెకో స్టాప్‌కు సరదా డైవర్ ఎలా సిద్ధపడాలి

సరదాకు స్కూబా డైవింగ్ చేసేవాళ్లకు చాలా శిక్షణ సంస్థలు ఒక హద్దు గీసి చెబుతాయి. ఏ క్షణంలో పైకి రావాల్సి వచ్చినా మధ్యలో ఎక్కడా ఆగకుండా రాగలిగేంత సేపే అడుగున ఉండాలి. దీన్ని నో-డెకో లిమిట్ అంటారు. డైవింగ్ నేర్పే అంతర్జాతీయ సంస్థ పాడీ పట్టిక ప్రకారం, మామూలు గాలితో రోజులో చేసే మొదటి డైవ్‌లో 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలు, 40 మీటర్ల దగ్గర 9 నిమిషాలు మాత్రమే ఉండొచ్చు. ఆ గడువు దాటితే నేరుగా పైకి రావడం కుదరదు. దారిలో నిర్ణీత లోతు దగ్గర, నిర్ణీత సమయం ఆగి తీరాలి. అదే డీకంప్రెషన్ స్టాప్, డైవర్ల మాటల్లో డెకో స్టాప్.

చేతికి కట్టుకున్న డైవ్ కంప్యూటర్‌కు ఈ లెక్కంతా వచ్చు. గడువు ముగిసిన మరుక్షణం తెర మీద మిగిలిన నిమిషాల అంకె పోయి, దాని చోట ‘డెకో’ అనే మాట, ఒక లోతు, కొన్ని నిమిషాలు కనబడతాయి. అయితే ఆ నిమిషాలన్నీ గడపడానికి సిలిండర్‌లో గాలి చాలుతుందా, అలలు ఊపేస్తుంటే ఆ లోతు దగ్గర డైవర్ స్థిరంగా నిలవగలడా అన్నది చాలా కంప్యూటర్లకు పట్టని సంగతి. ప్రమాదం ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే వస్తుంది. అందుకే డెకో స్టాప్‌ను కంప్యూటర్ చూసుకునే విషయంగా వదిలేయకుండా, చేతులూ ఊపిరీ నేర్చుకోవాల్సిన పనిగా చూడాలి. ఆ నేర్పును డెకోలోకి వెళ్లకుండానే, ప్రతి మామూలు డైవ్ చివరా సంపాదించుకోవచ్చు.

ముందుగా సేఫ్టీ స్టాప్‌కూ డెకో స్టాప్‌కూ తేడా చూడాలి. గడువు లోపలే డైవ్ ముగించినా 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగమని చెప్పేది సేఫ్టీ స్టాప్. అది అదనపు జాగ్రత్త. బడ్డీకి (జతగా దిగిన తోటి డైవర్‌కు) ఆరోగ్యం బాగోకపోయినా, గాలి అయిపోవస్తున్నా, దాన్ని వదిలేసి పైకి రావచ్చు. డెకో స్టాప్‌లో ఆ వెసులుబాటు లేదు. కంప్యూటర్ చూపే లోతును సీలింగ్ అంటారు. దాని పైకి వెళ్తే శరీరంలో బుడగలు ప్రమాదకరంగా పెరిగే అవకాశం ఉందని అర్థం. సరదా డైవర్ నీళ్లలో ఇబ్బంది వస్తే చేసే మొదటి పని పైకి రావడమే. డెకోలో ఉన్న డైవర్‌కు ఆ దారి మూసుకుపోతుంది, వచ్చిన సమస్య ఏదైనా నీళ్లలోనే పరిష్కరించుకోవాలి. డెకో డైవింగ్‌కు వేరే శిక్షణ, వేరే సామగ్రి కావాలనడానికి కారణం ఇదే.

ఆగకపోతే ఏమవుతుందో తెలియాలంటే కాస్త లోపలికి వెళ్లాలి. నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఒడ్డున 1 అయితే 10 మీటర్ల దగ్గర 2, 30 మీటర్ల దగ్గర 4. నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే రెగ్యులేటర్ కూడా ఆ పీడనానికి తగ్గట్టే గాలి అందిస్తుంది. గాలిలో దాదాపు 79 శాతం ఉన్న నైట్రోజన్‌ను శరీరం వాడుకోదు. అది రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరిగి నిలవ ఉంటుంది. మెల్లగా పైకి వస్తే అది ఊపిరితిత్తుల గుండా బయటికి పోతుంది. గబగబా వస్తే, మూత నొక్కిన గోలీ సోడాలో జరిగేదే ఒంట్లోనూ జరుగుతుంది. కాకపోతే శరీరం ఒకే సీసా లాంటిది కాదు. రక్తం బాగా అందే మెదడులాంటి భాగాలు నిమిషాల్లో నిండి నిమిషాల్లో ఖాళీ అవుతాయి, కీళ్లు, కొవ్వు గంటలు తీసుకుంటాయి.

ఈ బుడగల వల్ల వచ్చే జబ్బు ఒకప్పుడు వంతెనలు కట్టే కూలీలను కూడా పట్టుకుంది. 1870లలో అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని ఈడ్స్ వంతెనకూ, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెనకూ పునాదులు వేస్తున్నప్పుడు, నదీగర్భంలో పీడనంతో నింపిన గదుల్లో పనిచేసి పైకి వచ్చినవాళ్లు నొప్పులతో ఒళ్లు వంకర్లు తిరిగి పడిపోయేవారు. కొందరు చనిపోయారు. బ్రూక్లిన్ వంతెన ప్రధాన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో ఈ జబ్బుతోనే మంచం పట్టారు. కారణం నైట్రోజన్ బుడగలేనని 1878లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ తేల్చారు. ఎంత లోతులో ఎంతసేపు ఆగాలో చెప్పే లెక్క మాత్రం మరో ముప్పై ఏళ్లకు గానీ రాలేదు.

ఆ లెక్క బ్రిటిష్ నౌకాదళం కోసం జాన్ స్కాట్ హాల్డేన్ వేశారు. ఆయన మేకలను పీడన గదిలో ఉంచి చూశారు. పీడనాన్ని సగానికి తగ్గించినంతవరకు అవి బాగానే ఉన్నాయి, అంతకు మించి ఒక్కసారిగా తగ్గిస్తే కుంటసాగాయి. 1906లో నౌకాదళ అధికారులు డామంట్, కాటో ఆ పద్ధతినే పాటిస్తూ స్కాట్లండ్‌లోని లాక్ స్ట్రైవెన్‌లో 64 మీటర్ల లోతుకు దిగి క్షేమంగా పైకి వచ్చారు. 1908లో అచ్చయిన పత్రంలో హాల్డేన్ శరీరాన్ని ఐదు ఊహాత్మక భాగాలుగా విడదీశారు. ఒక్కోదానికి ఒక్కో అర్ధకాలం: 5, 10, 20, 40, 75 నిమిషాలు. అర్ధకాలం 5 నిమిషాలున్న భాగం మొదటి 5 నిమిషాల్లో సగం నిండుతుంది, 10 నిమిషాలకు ముప్పావు, 15 నిమిషాలకు 87 శాతం దాటుతుంది. బయటికి పోయేటప్పుడూ అదే వరస. అందుకే స్టాప్‌లో మొదటి నిమిషాలు ఎక్కువ పని చేస్తాయి. అందుకే పైకి వచ్చేకొద్దీ స్టాప్‌లు ఎక్కువసేపు సాగుతాయి కూడా, ఎందుకంటే చివరికి మిగిలేది నిదానంగా ఖాళీ అయ్యే భాగాల్లోని నైట్రోజనే.

సగం పీడనం అనే హాల్డేన్ నిష్పత్తిని తర్వాత సవరించారు. 1965లో అమెరికన్ నౌకాదళానికి చెందిన రాబర్ట్ వర్క్‌మన్ ఒక్కో భాగానికీ, ఒక్కో లోతుకూ వేర్వేరు గరిష్ఠ నైట్రోజన్ పరిమితి పెట్టారు. జ్యూరిక్‌లో ఆల్బర్ట్ బూల్‌మన్ ఆ పనిని 16 భాగాల దాకా తీసుకెళ్లారు. ఆయన పట్టికలో అన్నిటికన్నా నిదానమైన భాగానికి అర్ధకాలం 635 నిమిషాలు, అంటే పదిన్నర గంటల పైమాటే. నేటి కంప్యూటర్లలో చాలావాటి లోపల నడిచేది బూల్‌మన్ లెక్కే. వాటి సెట్టింగుల్లో కనబడే 40/85 లాంటి జంట అంకెలను గ్రేడియంట్ ఫ్యాక్టర్లు అంటారు. రెండో అంకె 85 అంటే, ఒంట్లోని నైట్రోజన్ పీడనానికీ బయటి పీడనానికీ మధ్య బూల్‌మన్ అనుమతించిన గరిష్ఠ తేడాలో 85 శాతం వరకే వాడుకుని పైకి రమ్మని చెప్పడం. మొదటి అంకె తొలి స్టాప్ ఎంత లోతులో మొదలవ్వాలో నిర్ణయిస్తుంది. ఒకే డైవ్ చేసిన ఇద్దరిలో ఒకరి కంప్యూటర్ ఇంకా 3 నిమిషాలు ఉన్నాయంటుంటే రెండోది డెకో చూపించడానికి ఈ సెట్టింగులు ఒక ముఖ్య కారణం. అలాంటప్పుడు ఎక్కువసేపు ఆగమన్న కంప్యూటర్ మాటే ఇద్దరూ వినాలి. బడ్డీ దగ్గర ఉంది కదా అని కంప్యూటర్ లేకుండా దిగడం ఎంత తప్పో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఇద్దరూ ఒకే లోతులో, ఒకే వేగంతో తిరగరు.

ఎక్కడ ఆగాలన్న దానిపై కొన్నేళ్లు గట్టి వాదం నడిచింది. హవాయిలోని బిషప్ మ్యూజియంలో చేపల మీద పరిశోధించే రిచర్డ్ పైల్, లోతు నుంచి తెచ్చే చేపల తిత్తుల్లోని గాలి తీయడానికి దారిలో చాలా కింద ఆగిన రోజుల్లో తనకు అలసట తక్కువగా ఉందని గమనించారు. దాంతో డీప్ స్టాప్ పద్ధతి టెక్నికల్ డైవర్లలో (సరదా హద్దులు దాటి, ప్రత్యేక శిక్షణతో డెకో డైవ్‌లు చేసేవాళ్లలో) బాగా పాకింది. తర్వాత అమెరికన్ నౌకాదళ ప్రయోగ విభాగం దీన్ని నేరుగా పరీక్షించి 2011లో ఫలితాలు వెలువరించింది. 52 మీటర్ల దగ్గర 30 నిమిషాలు, ఆపైన మొత్తం 174 నిమిషాల డీకంప్రెషన్. స్టాప్ సమయం ఎక్కువ భాగం లోతులో గడిపిన 198 డైవ్‌లలో 11 మందికి జబ్బు వచ్చింది. ఎక్కువ భాగం పైన గడిపిన 192 డైవ్‌లలో ముగ్గురికే వచ్చింది. కింద ఆగినంత సేపూ నిదానమైన భాగాలు ఖాళీ అవడానికి బదులు ఇంకా నిండుతూనే ఉంటాయన్నది ఆ తేడాకు వివరణ. సరదా డైవ్‌లు అంత భారీవి కావు, అయినా ఇక్కడ తీసుకోవాల్సిన సంగతి తేటగానే ఉంది. సమయం పెట్టాల్సింది 3 నుంచి 6 మీటర్ల మధ్య.

చిక్కేమిటంటే నిలబడటం అన్నిటికన్నా కష్టమైన చోటు కూడా అదే. 40 మీటర్ల నుంచి 30కి వస్తే పీడనం 5 నుంచి 4కి, అంటే ఐదో వంతు తగ్గుతుంది. 10 మీటర్ల నుంచి పైకి వస్తే సగానికి సగం తగ్గుతుంది. వెట్ సూట్ ఉబ్బుతుంది, బీసీడీలో (గాలి నింపి, తీసి తేలడాన్ని సరిచేసుకునే జాకెట్‌లో) మిగిలిన గాలి వ్యాకోచిస్తుంది. పైగా సిలిండర్ తేలిక పడి ఉంటుంది. మన దగ్గర డైవ్ సెంటర్లలో ఎక్కువగా కనిపించే 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు కాస్త మునిగేదే, ఖాళీ అయ్యేసరికి సుమారు 2 కిలోల మేర పైకి తేలుతుంది. డైవ్ మొదట్లో నిండు సిలిండర్‌తో చూసుకుని సరిపోయిందనుకున్న బరువు (మునగడానికి కట్టుకునేది), చివర్లో ఆగాల్సిన సమయానికి చాలదు. కాబట్టి బరువు పరీక్ష డైవ్ చివర చేసుకోవాలి. సిలిండర్‌లో 50 బార్ (ఒక బార్ అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం) ఉన్నప్పుడు 5 మీటర్ల దగ్గర బీసీడీ మొత్తం ఖాళీ చేసి, మామూలుగా ఊపిరి తీస్తూ నిలవగలిగితే బరువు సరిగ్గా ఉన్నట్టు. ఫిన్‌లు ఆడిస్తే తప్ప కింద ఉండలేకపోతుంటే బరువు తక్కువ. బీసీడీలో గాలి నింపితే తప్ప మునిగిపోతుంటే ఎక్కువ. ఇంత చిన్న పరీక్షను చాలామంది ఎప్పుడూ చేయరు, ఆ లోటును డైవ్ మాస్టర్ చేయి పట్టుకుని ఆపడంతో సరిపెట్టుకుంటారు.

ఇక గాలి సంగతి. లెక్క కట్టి చూస్తేనే దీని తీవ్రత తెలుస్తుంది. 11 లీటర్ల సిలిండర్, 200 బార్, అంటే ఒడ్డు మీద 2,200 లీటర్ల గాలి. 30 మీటర్ల దగ్గర బడ్డీకి గాలి అందడం ఆగిపోయింది, ఇద్దరూ ఒకే సిలిండర్ మీద పైకి రావాలి అనుకుందాం. కంగారులో ఒక్కొక్కరు ఒడ్డు లెక్కలో నిమిషానికి 30 లీటర్లు పీలుస్తారనుకుంటే ఇద్దరికీ 60. పరిస్థితి చక్కదిద్దుకోవడానికి అడుగున ఒక నిమిషం, అక్కడ పీడనం 4 కాబట్టి 240 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున 5 మీటర్లకు రావడానికి దాదాపు 3 నిమిషాలు, సగటు పీడనం 2.75, దానికి 495 లీటర్లు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలకు 270. చివరి 5 మీటర్లకు ఒక నిమిషం, 75. మొత్తం 1,080 లీటర్లు, అంటే ఆ సిలిండర్‌లో 98 బార్. స్టాప్ 3 నిమిషాల సేఫ్టీ స్టాప్ అయినప్పటి లెక్క ఇది. అది 8 నిమిషాల తప్పనిసరి స్టాప్ అయితే మొత్తం 1,530 లీటర్లకు, 139 బార్లకు చేరుతుంది. అంటే 200 బార్‌తో దిగిన డైవర్ 61 బార్ వాడగానే 30 మీటర్ల నుంచి వెనక్కి బయలుదేరాలి. అంత కొద్ది గాలితో అసలు డెకో గడువు దాకా అడుగున ఉండటమే చాలామందికి సాధ్యం కాదు. ఒంటి సిలిండర్‌తో డెకో డైవ్ ప్లాన్ చేయడంలో ఉన్న వైరుధ్యం ఇదే. బడ్డీకి ఏమీ కాదన్న నమ్మకం మీద తప్ప ఆ ప్లాన్ నిలవదు, అలాంటి నమ్మకం మీద ఎవరూ దిగకూడదు.

దేశాన్ని బట్టి సరదా డైవింగ్ హద్దు మారుతుందన్నది నిజమే. బ్రిటన్‌లో 1953లో మొదలైన బ్రిటిష్ సబ్-ఆక్వా క్లబ్ రెండో మెట్టు డైవర్లకే డెకో స్టాప్‌లు నేర్పుతుంది. ఫ్రాన్సు క్లబ్బుల్లోనూ అవి చదువులో భాగమే. పాడీలో మాత్రం దానికి టెక్ 40 అనే వేరే కోర్సు ఉంది, అది కూడా 40 మీటర్ల లోతుకు, మొత్తం 10 నిమిషాల డీకంప్రెషన్‌కు పరిమితం. ఈ పద్ధతుల్లో ఏది మేలన్న చర్చ ఎప్పటికీ తెగదు. గమనించాల్సిందేమిటంటే, డెకోను ఒప్పుకునే ప్రతి చోటా గాలి లెక్కను ముందే కాగితం మీద వేయించడం, అదనపు గాలిని వెంట ఉంచుకోవడం నేర్పుతారు. అడుగున ఇంకాస్త సమయం కావాలన్నదే కోరికైతే నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) వాడకం నేర్చుకోవడం చాలా మంచి దారి. ఆక్సిజన్ 32 శాతం ఉన్న నైట్రాక్స్‌తో 30 మీటర్ల దగ్గర ఉంటే, నైట్రోజన్ లెక్కలో సుమారు 24 మీటర్ల గాలి డైవ్‌తో సమానం. దానికీ లోతు పరిమితి ఉంటుంది కనుక కోర్సు చేయకుండా వాడకూడదు.

సాధన ఎలా చేయాలి? గడువు లోపలే ఉండి, ప్రతి సేఫ్టీ స్టాప్‌నూ తప్పనిసరి స్టాప్‌గా భావించి చేయాలి. 5 మీటర్లకు అర మీటరు అటూ ఇటూ దాటకుండా 3 నిమిషాలు ఉండటం మొదటి మెట్టు. యాంకర్ తాడు ఉంటే దాన్ని బిగించి పట్టుకోకుండా, బొటనవేలూ చూపుడువేలూ కలిపి తాడు చుట్టూ వదులుగా ఉంచాలి. పడవ అలల మీద లేచిన ప్రతిసారీ తాడు కూడా లేస్తుంది, గట్టిగా పట్టుకున్నవాళ్లను మీటరు దాకా పైకి లాగేస్తుంది. కళ్లు అస్తమానం కంప్యూటర్‌కే అతుక్కుపోతే శరీరం నేర్చుకోదు. నీళ్లలో కొట్టుకుపోయే నలుసులు కళ్ల ముందు పైకి పోతున్నాయా కిందికి పోతున్నాయా చూస్తే, మనం దిగుతున్నామో తేలుతున్నామో కంప్యూటర్ కంటే ముందే తెలుస్తుంది. లోతును సరిచేసేది ముఖ్యంగా ఊపిరే. కొంచెం పైకి పోతున్నట్టనిపిస్తే నిండుగా వదలాలి, దాని ఫలితం కనబడటానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ లోగా ఓపిక పట్టలేక బీసీడీ బటన్ నొక్కేవాళ్లే పైకీ కిందికీ ఊగుతుంటారు. ఊపిరి బిగపట్టడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

అది కుదిరాక తాడు వదిలేసి నిలవాలి. తర్వాత గాలి బాగా మిగిలిన రోజుల్లో స్టాప్‌ను 8 నిమిషాలకు పెంచి చూడాలి. మూడు నిమిషాలు ఎవరైనా ఎలాగోలా నెట్టుకొస్తారు. ఎనిమిది నిమిషాల్లో చలి తెలుస్తుంది, విసుగు పుడుతుంది, బడ్డీ ఎటో చూస్తుంటాడు, బరువు సరిగ్గా లేకపోతే కాళ్లు పీకుతాయి. అసలు డెకో స్టాప్‌లో ఎదురయ్యే పరీక్ష ఇదే కాబట్టి ముందే చూసుకోవడం మంచిది. ఆ తర్వాత 6 మీటర్ల దగ్గర 3 నిమిషాలు, 3 మీటర్ల దగ్గర 5 నిమిషాలు అని రెండు మెట్లుగా చేయొచ్చు. 3 మీటర్ల దగ్గర నిలవడం 5 మీటర్ల కంటే చాలా కష్టమని మొదటిసారే తెలిసొస్తుంది. అలలు పెద్దగా ఉన్నప్పుడు 3 మీటర్ల స్టాప్‌ను 4 లేదా 5 మీటర్ల దగ్గర చేసినా చాలా కంప్యూటర్లు ఒప్పుకుంటాయి, సమయం కాస్త పెరుగుతుంది అంతే. మాస్కులో నీళ్లు నింపి ఖాళీ చేయడం, బడ్డీతో గాలి పంచుకోవడం వంటివి స్టాప్ మధ్యలో చేసి చూడటం పై మెట్టు. వీటిని మొదట స్విమ్మింగ్ పూల్‌లోనో నిలకడ నీళ్లలోనో శిక్షకుడి ఎదుట చేయాలి.

తాడు లేని చోట నీటి పైకి రంగు గొట్టం, అదే ఎస్‌ఎంబీ, వదలడం రావాలి. ప్రవాహంలో కొట్టుకుపోతూ స్టాప్ చేసే డైవర్ ఎక్కడున్నాడో పడవకు తెలిపేది అదొక్కటే. దాన్ని స్టాప్ లోతుకు చేరకముందే, 8 లేదా 10 మీటర్ల దగ్గర వదలడం మంచిది. వదిలేటప్పుడు రీల్‌ను (దాని తాడు చుట్టిన చక్రాన్ని) బీసీడీకి తగిలించి ఉంచకూడదు. తాడు చిక్కు పడితే గాలి నిండిన గొట్టం డైవర్‌ను కూడా పైకి ఈడ్చుకుపోతుంది. చిక్కు పడిన క్షణంలో రీల్‌ను వదిలేయడం చేతికి అలవాటు కావాలి.

స్టాప్ అయిపోయాక అందరూ తేలిగ్గా తీసుకునేది చివరి 5 మీటర్లు. కంప్యూటర్‌లో గడియారం సున్నాకు రాగానే చాలామంది పది పదిహేను సెకన్లలో పైకి తేలిపోతారు. మూడు నిమిషాలు ఓపిగ్గా ఆగి సంపాదించిన దాంట్లో కొంత అక్కడే పోగొట్టుకుంటారు. ఆ కాస్త దూరానికీ అర నిమిషం నుంచి నిమిషం వరకు తీసుకోవాలి. పైకి వచ్చే వేగం మొత్తం మీద ఆలోచన మారుతూనే వచ్చింది. అమెరికన్ నౌకాదళం చాలా ఏళ్లు నిమిషానికి 60 అడుగుల వేగం పాటించి, 1993లో దాన్ని 30 అడుగులకు, అంటే సుమారు 9 మీటర్లకు తగ్గించింది.

ఇంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒక రోజు గడువు దాటవచ్చు. దారి తప్పిన బడ్డీ కోసం వెతకడం, చిక్కుకున్న వల నుంచి విడిపించుకోవడం లాంటివి నిమిషాలు తినేస్తాయి. అప్పుడు మొదట చేయాల్సింది అడుగు వదిలి పైకి బయలుదేరడం. అక్కడే ఉండి కంప్యూటర్ వంక చూస్తూ ఆలోచిస్తుంటే స్టాప్ సమయం ఇంకా పెరుగుతుంది. బడ్డీకి డెకో సంజ్ఞ చూపాలి, ఇద్దరి గాలీ చూసుకోవాలి, మామూలు వేగంతో సీలింగ్ కిందికి చేరాలి. కంప్యూటర్ చెప్పినంత సేపూ ఆగి, గాలి ఉంటే దానిపై ఇంకొన్ని నిమిషాలు కలపాలి. కంప్యూటర్ పాడై పాడీ పట్టిక మీదే ఆధారపడాల్సి వస్తే, గడువు 5 నిమిషాల లోపు దాటినప్పుడు 5 మీటర్ల దగ్గర 8 నిమిషాలు ఆగాలి, తర్వాత 6 గంటలు నీళ్లలో దిగకూడదు. అంతకన్నా ఎక్కువ దాటితే గాలి ఉన్నంతలో కనీసం 15 నిమిషాలు ఆగాలి, 24 గంటలు దిగకూడదు.

గాలి చాలకపోతే? ఉన్నంతసేపు ఆగి, క్షేమంగా పైకి చేరేంత గాలి మిగిలి ఉండగానే రావాలి. బుడగల జబ్బుకు వైద్యం ఉంది. నీట మునిగి ఊపిరి ఆగితే చేయగలిగేది చాలా తక్కువ. ఈ రెంటిలో ఏది ముందన్నది ఒడ్డునే తేల్చుకుని దిగాలి. స్టాప్ వదిలేసి పైకి వచ్చినవాళ్లు మళ్లీ దిగి దాన్ని పూర్తి చేయాలనుకోకూడదు. పడవలో పడుకుని స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చాలి, ఆ రోజుకు డైవింగ్ ఆపేయాలి. సీలింగ్ దాటి వచ్చిన డైవర్‌కు చాలా కంప్యూటర్లు 24 లేదా 48 గంటలు లెక్క చెప్పడం మానేస్తాయి. అప్పుడు వేరే కంప్యూటర్ అద్దెకు తీసుకుని దిగేవాళ్లు ఉన్నారు. ఆ కొత్త కంప్యూటర్‌కు ఒంట్లో నిలవ ఉన్న నైట్రోజన్ సంగతి ఏమీ తెలియదు, దాన్ని నమ్మడం చాలా ప్రమాదం.

అన్ని శరీరాలూ ఒకేలా స్పందించవు. పెద్దవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి గుండె పై గదుల మధ్య పుట్టుకతో ఉండే చిన్న రంధ్రం పూర్తిగా మూసుకోకుండా మిగిలిపోతుంది. ఊపిరితిత్తుల్లో వడపోత కావాల్సిన బుడగలు కొందరిలో దాని గుండా నేరుగా ధమనుల్లోకి వెళ్లొచ్చు. నీళ్లు సరిగ్గా తాగకపోవడం, నిద్ర చాలకపోవడం, డైవ్ అయిన వెంటనే బరువులు మోయడం కూడా ముప్పు పెంచుతాయి. ఒంటి వేడి పాత్రను చాలామంది పట్టించుకోరు. అడుగున వెచ్చగా ఉండి, స్టాప్‌లో చలికి వణికే డైవర్‌కు ముప్పు ఎక్కువని అమెరికన్ నౌకాదళ ప్రయోగాలు చూపాయి. చలికి రక్తనాళాలు ముడుచుకుని, లోపలికి తేలిగ్గా చేరిన నైట్రోజన్ బయటికి పోవడం మందగిస్తుంది. ఉష్ణ సముద్రం కదా అని పలుచని చొక్కాతో రోజుకు మూడు డైవ్‌లు చేసేవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

పైకి వచ్చాక కూడా డీకంప్రెషన్ గంటల తరబడి సాగుతూనే ఉంటుంది. విమానం ఎక్కడానికి ముందు, గడువు లోపల ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, అలాంటివి చాలా చేస్తే 18 గంటలు, డెకో డైవ్ అయితే 18 గంటల కన్నా బాగా ఎక్కువ ఆగాలని డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన. చాలామంది దాన్ని 24 గంటలుగా పాటిస్తారు. అండమాన్ వెళ్లే మనవాళ్లు చివరి రోజు ఉదయం దాకా డైవ్ చేసి సాయంత్రం హైదరాబాద్ విమానం ఎక్కేలా టికెట్లు తీసుకోవడం ఈ లెక్కన పెద్ద తప్పు. విశాఖలో ఇదే తప్పు ఇంకో రూపంలో జరిగే వీలుంది. ఆ సూచనలు 600 మీటర్ల ఎత్తు నుంచే వర్తిస్తాయి. రుషికొండలో పొద్దున డైవ్ చేసి మధ్యాహ్నం కారెక్కితే, సాయంత్రానికి 900 మీటర్లకు పైన ఉన్న అరకు చేరతారు. విమానం ఎక్కలేదు కదా అనుకుంటారు గానీ శరీరానికి ఆ రెండూ పీడనం తగ్గడమే. అరకు ముందు రోజు చూసి, డైవ్ మరునాటికి పెట్టుకుంటే సరిపోతుంది.

జబ్బు లక్షణాలు ఎక్కువగా మొదటి కొన్ని గంటల్లోనే బయటపడతాయి. భుజంలోనో మోచేతిలోనో లోతుగా సలిపే నొప్పి, చర్మం మీద మచ్చలు, మామూలుకు మించిన అలసట, వేళ్లలో తిమ్మిరి, నడకలో తడబాటు, మూత్రం రాకపోవడం. సిలిండర్ మోసినందుకే భుజం నొప్పి అని సర్దిచెప్పుకోవడం వల్ల వైద్యం ఆలస్యమవుతుంది. అనుమానం వచ్చిన వెంటనే స్వచ్ఛమైన ఆక్సిజన్ మొదలుపెట్టాలి, తగ్గినట్టు అనిపించినా వైద్యుడు చెప్పేదాకా వదలకూడదు. అసలు చికిత్స రీకంప్రెషన్ ఛాంబర్‌లోనే. రోగిని 18 మీటర్ల లోతుకు సమానమైన పీడనంలో ఉంచి ఆక్సిజన్ ఇస్తూ, దాదాపు ఐదు గంటల పాటు మెల్లగా బయటికి తెస్తారు. ఉదాహరణకు అండమాన్‌లోని హావ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం) ఓడలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు పడుతుంది, సాయంత్రం దాటితే ఓడలు ఉండవు. కాబట్టి దిగే ముందే పడవలో ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉందో లేదో తెరిచి చూపమని అడగాలి, దగ్గర్లోని ఛాంబర్ ఎక్కడుందో, అక్కడికి ఎలా చేరుస్తారో డైవ్ సెంటర్‌ను అడిగి తెలుసుకోవాలి. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే డైవ్ కంప్యూటర్‌ను రోగితో పాటే పంపాలి. ఎంత లోతు, ఎంతసేపు, పైకి ఏ వేగంతో వచ్చారు, ఎక్కడ ఎంతసేపు ఆగారు అన్నది వైద్యుడికి నిమిషాల వారీగా అందులోనే దొరుకుతుంది.